క్రీడాసంఘములు – యువజనులు – ప్రవేశరుసుము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



ఒక సంస్థ ఇరువదియైదేండ్లు నిలిచినదన్న అది సంతోషింపదగిన విషయమే. అయినను రజతోత్సవమునాడు గడచిన లెక్కతోపాటు రాబోవు లెక్కయు చూచుకొనుట మంచిది. ఆనాడు చందా కట్టి సభ్యులైన యువకుల తలలు నేడు నెరయుచున్నవి. వారి తరువాత ఈ బల్లల చుట్టు కూర్చుండువారెవరు? ఈ ప్రశ్న గ్రంథాలయమునకే పరిమితము కాదు. నాటకసమాజమునకు, భజనమండలికి, వ్యాయామశాలకు, క్రీడాసంఘమునకు, ప్రజల రాకపై బ్రతుకు ప్రతి సంస్థకును ఇది ఉన్నదే.

నేటి ప్రసంగమునకు విషయము ఆ పెద్ద ప్రశ్నలో ఒక చిన్న భాగము. ఊరి క్రీడాసంఘము తన ఆట చూడవచ్చు పిల్లలవద్దను, యువకులవద్దను ఎంత రుసుము పుచ్చుకొనవలెను? దీనికి జవాబు వెదకువారికి ఇంగ్లండు దేశపు ఫుట్‌బాల్ క్లబ్బులు మంచి పాఠశాల. ఏలయన అచ్చట టిక్కెట్టు అమ్మి ఆట చూపుట నూట ముప్పదియేండ్లకు పైబడిన వాడుక. అందలి మేలును కీడును ఆ దేశము రెండును అనుభవించినది.

ఆ వాడుక మిల్లు కూలీల తీరికనుండి పుట్టినది. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టము బట్టల మిల్లులలో పనిచేయు స్త్రీలకును, పిన్నవయస్కులకును శనివారమునాడు మధ్యాహ్నము 2 గంటలకు పని ముగియవలెనని విధించెను. వారు లేనిదే మరలు నడువవు గనుక క్రమముగా పురుషులకును ఆ పూట తీరిక చిక్కెను. శనివారము మధ్యాహ్నము మూడు గంటలకు ఆట మొదలిడు ఆచారమునకు ఈ తీరికయే మూలము. 1888లో 12 క్లబ్బులు కలిసి ఫుట్‌బాల్ లీగును స్థాపించినవి. రెండేండ్ల పిమ్మట ప్రవేశరుసుము 6 పెన్నీలకు తగ్గరాదని నియమము చేసికొన్నవి. ఆరు పెన్నీలనగా అర షిల్లింగు, పౌనులో నలుబదవ వంతు. స్త్రీలను, బాలురను ఈ నియమమునుండి మినహాయించిరి. పిన్న బిడ్డలను తండ్రులు ద్వారమునందలి ఇనుప తిరుగుడు కడ్డీ మీదుగా ఎత్తి లోపలికి దింపెడివారు. కాపలావాడు చూచియు చూడనట్లుండెడివాడు. ఆ కడ్డీ దాటిన బిడ్డ పెరిగి పెద్దవాడై తన బిడ్డను అట్లే దాటించెను. తండ్రినుండి కుమారునకు ఇల్లు, పొలము వచ్చినట్లు అచ్చట క్లబ్బుపై అభిమానము కూడ వారసత్వముగా వచ్చెను.

ఈ కట్టుబాటు తెగిన కథ కొంత విషాదకరమైనది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డు నగరమునందలి హిల్స్‌బరో మైదానములో నిలుచుండి ఆట చూచు ఆవరణములోనికి మితిమీరిన జనమును పంపుటచే తొక్కిడి సంభవించి 97 మంది మరణించిరి. విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్ 1990 జనవరిలో తుది నివేదిక సమర్పించుచు పెద్ద మైదానములన్నిటిలో ప్రేక్షకులందరికిని కూర్చుండు ఆసనములు ఉండవలెనని సూచించెను. ఆసనములు వేసినంతమాత్రమున చౌకటిక్కెట్టు పోనక్కరలేదనియు, నిలుచుండి చూచెడి సామాన్యుల జేబునకు అందునట్లు ధరలు ఏర్పరచుట సాధ్యమే అనియు ఆ నివేదికలోనే ఉన్నది. పెద్ద క్లబ్బులు మొదటి మాటను ఆలకించినవి గాని రెండవ మాటను పెడచెవిని పెట్టినవి. 1992లో ప్రీమియర్ లీగు ఆరంభమైనది. టెలివిజన్ కంపెనీల ధనము వరదవలె వచ్చినది. ఆ ధనమువలన టిక్కెట్టు ధర తగ్గవలసినదిపోయి, సామాన్య వస్తువుల ధరలకంటె వేగముగా పెరిగినది.

పెరిగిన ధర మొదట ఎవరిని బయటకు నెట్టును? మధ్యవయస్కుడు, ఉద్యోగస్థుడు సణుగుచునే కొనును. చిన్ననాటినుండి వచ్చుచున్నాడు గనుక మానలేడు. అలవాటు ఇంకను కుదురని పదునారేండ్ల కుర్రవాడే వెనుదిరుగును. అతడు పోట్లాడడు, ఉత్తరము వ్రాయడు, ఇతర వినోదములవైపు మరలిపోవును. ఇందువలననే ఈ నష్టము చాలకాలము క్లబ్బుల కంటబడదు. నేటి మైదానము నిండియే కనబడును. ఇరువదియేండ్లకుగాని ఖాళీ బయటపడదు.

ఈ విషయమై పెద్ద కలకలము 2016లో లివర్‌పూల్ నగరమున రేగినది. ఆ నగరపు క్లబ్బు మరుసటి సీజనునకు క్రొత్తధరలు ప్రకటించెను. వానిలో మిక్కిలి ఖరీదైన టిక్కెట్టు 77 పౌన్లు. ఆ పట్టికలోనే కొన్ని ఆటలకు 9 పౌన్ల చౌకటిక్కెట్లును ఉన్నవని న్యాయముగా చెప్పవలెను. అయినను జనుల కంటికి 77 అను అంకెయే ఆనినది. ఆనాటి చట్టము ప్రకారము వయోజనుడగు కార్మికునకు గంటకు కనీసవేతనము 6 పౌన్ల 70 పెన్నీలు. పదునెనిమిదేండ్లు నిండని పనివానికి 3 పౌన్ల 87 పెన్నీలు. అనగా 77 పౌన్లకు పెద్దవాడు పదకొండు గంటలకు మించి, కుర్రవాడు సుమారు ఇరువది గంటలు పాటుపడవలెను. ఆటయో గంటన్నర! ఫిబ్రవరి 6న సండర్లండుతో ఆట జరుగుచుండగా సరిగా 77వ నిమిషమున వేలకొలది అభిమానులు లేచి బయటకు నడచిరి. అప్పటికి లివర్‌పూల్ రెండు గోలులతో ముందుండెను. వారు వెడలిన పిమ్మట ప్రత్యర్థులు రెండు గోలులు వేసి ఆటను సమము చేసిరి. నాలుగు దినములకే క్లబ్బు యజమానులు క్షమాపణ కోరి ఆ 77 పౌన్ల ధరను ఉపసంహరించుకొనిరి. ఆ వసంతముననే ప్రీమియర్ లీగు క్లబ్బులన్నియు పొరుగూరినుండి తమ జట్టు వెంట వచ్చు అభిమానులకు టిక్కెట్టు 30 పౌన్లకు మించరాదని నిర్ణయించుకొన్నవి.

పెద్ద క్లబ్బు బెదరి ధర తగ్గించుట ఒక తీరు. చిన్న క్లబ్బు తనంతట ఆలోచించి తగ్గించుట మరియొక తీరు. ఈ రెండవదే ఊరి సంస్థలకు పనికివచ్చు పాఠము. దానికి నిదర్శనము బ్రాడ్‌ఫర్డు.

బ్రాడ్‌ఫర్డు ఉత్తర ఇంగ్లండులో ఉన్ని మిల్లులకు పేరుమోసిన పట్టణము. అచ్చటి బ్రాడ్‌ఫర్డు సిటీ క్లబ్బు 1903లో స్థాపితమైనది. 1911లో ఆ జట్టు దేశమంతట ప్రఖ్యాతమైన ఎఫ్.ఎ. కప్పును గెలిచినది. ఆ యేటనే క్రొత్తగా చేయించిన ఆ కప్పును తయారుచేసినదియు బ్రాడ్‌ఫర్డునందలి కంసాలి సంస్థయే. ఆ వైభవము నిలువలేదు. మిల్లులు మూతపడినవి. 1985 మే 11న ఆ క్లబ్బు మైదానమునందలి పాత చెక్కల గ్యాలరీకి నిప్పంటుకొని 56 మంది ప్రాణములు కోల్పోయిరి. తరువాత క్లబ్బు కోలుకొని 1999లో ప్రీమియర్ లీగునకు ఎక్కెను గాని రెండేండ్లకే దిగజారెను. అప్పులపాలై 2002లోను 2004లోను న్యాయస్థానపు పర్యవేక్షణ క్రిందికి పోయెను. 2007 నాటికి నాలుగవ శ్రేణికి పడిపోయెను. ఆటకు వచ్చువారి సగటు సంఖ్య తొమ్మిదివేలకు లోపు. మైదానమునందలి ఆసనములు ఇరువదియైదు వేలు.

అట్టి స్థితిలో సాధారణముగా సంస్థలు చేయుపని ధర పెంచి, మిగిలినవారినుండియే లోటు పూడ్చుకొనుట. బ్రాడ్‌ఫర్డు నిర్వాహకులు దీనికి విరుద్ధముగా ధరను తెగ కోసిరి. సీజన్ టిక్కెట్టు 138 పౌన్లకే దొరకునట్లు చేసిరి. సీజన్ టిక్కెట్టనగా తమ మైదానమున ఏడాది పొడుగున జరుగు 23 లీగు ఆటలకును చెల్లునది. లెక్కవేయగా ఒక్కొక్క ఆటకు 6 పౌన్లు. ఆ యేడు చట్టము విధించిన కనీసవేతనము గంటకు 5 పౌన్ల 52 పెన్నీలు. కాబట్టి తక్కువ కూలివాడును గంట కష్టమునకు మించి ఇంచుక ఎక్కువతో ఆట చూడగలిగెను. తండ్రియు బిడ్డయు కలిసి వచ్చుట ఇంటిఖర్చులో పెద్ద విషయము కాకపోయెను.

ఫలితమేమి? జట్టు క్రింది శ్రేణికి దిగినయేడు ప్రేక్షకులు తగ్గుట లోకరీతి. బ్రాడ్‌ఫర్డులో పెరిగిరి. 2007–08 సీజనులో సగటున పదమూడు వేలకు మించి వచ్చిరి. ఆ శ్రేణిలో అనేక క్లబ్బులకు అయిదువేలమంది వచ్చుటయే అరుదు. జట్టు మాత్రము వెంటనే బాగుపడలేదు. పై శ్రేణికి చేరుటకు ఆరేండ్లు పట్టెను. ఆ ఆరేండ్లలో ఎన్నో ఓటములు. అయినను సగటు రాక పదివేలకు దిగువకు పోలేదు. 2013లో ఆ నాలుగవ శ్రేణి జట్టే విగన్, ఆర్సెనల్, ఆస్టన్ విల్లా అను మూడు ప్రథమశ్రేణి జట్లను ఓడించి లీగు కప్పు తుదిపోటీకి వెంబ్లీ చేరెను. అచ్చట స్వాన్సీ చేతిలో 5 గోలుల తేడాతో ఓడెను. అయినను ఆ దినమున ఊరి అభిమానులు జెండాలు దించక చివరివరకు ఊపుచునే ఉండిరి. ఆ యేటి మే నెలలోనే జట్టు పై శ్రేణికి ఎక్కెను. 2015–16లో సీజన్ టిక్కెట్టు 149 పౌన్లు చేయగా సగటు రాక సుమారు పదునెనిమిది వేలకు చేరెను.

ఆ జట్టు మరల జారెను, మరల ఎక్కెను. 2025 మే నెలలో చివరి ఆట చివరి క్షణములలో వేసిన గోలుతో తిరిగి మూడవ శ్రేణికి చేరుకొన్ననాడు మైదానమున ఇరువదివేలకు మించిన జనముండెను. 2007లో ఆరు పౌన్ల టిక్కెట్టుతో తండ్రి చేయి పట్టుకొని వచ్చిన పదేండ్ల బాలుడెవడైన నుండిన, ఆనాటికి వాడు ఇరువదియెనిమిదేండ్ల గృహస్థుడు. చౌకటిక్కెట్టు ఫలము అట్టి చోట చూడవలెను. ఆ యేటి జమాఖర్చులో మాత్రమే చూచిన సగమే కనబడును.

ఇక దీనిపై వచ్చు ఆక్షేపణలను విచారింపవలెను. మొదటిది, రాబడి తగ్గునను భయము. ఈ భయము నిరాధారము కాదు. టెలివిజన్ ధనములేని చిన్న క్లబ్బు ద్వారమువద్ద వచ్చు పైకముపైననే బ్రతుకును. అయితే ఒక మాట గమనింపవలెను. ఆటగాండ్ర జీతములు, దీపముల ఖర్చు, గడ్డి కోయించు కూలి, ఇవి ఎనిమిదివేలమంది వచ్చినను పదమూడు వేలమంది వచ్చినను ఇంచుమించు ఒక్కటే. ఖాళీగా మిగిలిన ఆసనము సంత ముగిసిన పిమ్మట గంపలో మిగిలిన ఆకుకూరవంటిది. మరునాటికి దానికి వెల లేదు. రెండువందల ఆసనములుగల చోట 50 రూపాయల టిక్కెట్టునకు అరువదిమంది వచ్చిన రాబడి 3,000. ఇరువది రూపాయలకు రెండువందలమందియు వచ్చిన 4,000. అయితే టిక్కెట్టు తగ్గించినంతనే ఆసనములు నిండునని పూచీ లేదు. నూటయేబదిమందియే వచ్చిన రెండు విధముల రాబడియు సమానము. అంతకు తగ్గిన నష్టము. కనుక ముందుగా ఊరిలో విచారించి, లెక్క చూచుకొని దిగవలెనే గాని ఉత్సాహముతో దూకరాదు.

రెండవది, చౌకగా దొరికినదానికి గౌరవముండదనుట. ఇందులో కొంత నిజము కలదు. అసలు రుసుమే వద్దనుకొన్న క్లబ్బు కూడ ఉన్నది. జర్మనీలోని డ్యుసెల్డార్ఫ్ నగరపు ఫోర్తూనా క్లబ్బు రెండవ శ్రేణిలో ఉన్నప్పుడు, 2023 ఏప్రిల్‌లో, కొన్ని ఆటలకు టిక్కెట్లు ఉచితముగా ఇచ్చు ప్రణాళికను ప్రకటించెను. లోటును భాగస్వాములగు వర్తక సంస్థలు భరించునట్లు ఒప్పందము. ఆ అక్టోబరున జరిగిన మొదటి ఉచిత ఆటకు ఆసనములకంటె మిక్కిలి ఎక్కువగా అభ్యర్థనలు వచ్చినవి. కైజర్స్‌లాటర్న్ జట్టు మూడు గోలులు ముందుండగా ఫోర్తూనా నాలుగు గోలులు వేసి గెలుచుట నాటి విశేషము. అయినను ఉచితమునకు మరియొకరి దయ కావలెను. దాత మనస్సు మారిననాడు తలుపు మూతపడును. చిన్న రుసుముతో నడచు ఏర్పాటు తన కాళ్లపై తాను నిలుచును. కొద్దిపాటి పైకమైనను తన చేతితో ఇచ్చినవాడు “ఇది నాది” అనుకొనును. కావున మేలైన మార్గము వెల లేకపోవుట కాదు, అందుబాటులోనున్న వెల.

మూడవది, చౌకటిక్కెట్టుతో పెద్ద జట్టును నడపలేరనుట. దీనికి జర్మనీలోనే డోర్ట్‌ముండు జవాబు చెప్పుచున్నది. బొగ్గుకును, ఉక్కునకును ప్రసిద్ధమైన ఆ పట్టణపు మైదానములో దక్షిణపు గ్యాలరీయందు సుమారు ఇరువదియైదువేలమంది నిలుచుండి ఆట చూతురు. లీగు ఆటలకు ఆ నిలుచుండు చోటుల ధర 2010 దశకమున ఇరువది యూరోలకు లోపే. ఆ క్లబ్బు దేశపు విజేతయైనది, ఐరోపా కప్పునకు తుదిపోటీలాడినది. ఆ దేశమున ఓట్ల హక్కులో సగముకంటె ఎక్కువ సభ్యులచేతనే ఉండవలెనను నియమము 1998నుండి అమలునందున్నది. కొన్ని క్లబ్బులకు మినహాయింపు లేకపోలేదు. సభ్యుని మాటకు విలువ ఉన్నచోట టిక్కెట్టు ధర హద్దు మీరుట కష్టము. 2010లో పొరుగు క్లబ్బు షాల్కె ధర పెంచినప్పుడు డోర్ట్‌ముండు అభిమానులు కొందరు ఆ ఆటనే బహిష్కరించి, ఫుట్‌బాల్ సామాన్యునకు అందవలెనని ఉద్యమము నడపిరి.

ఈ అనుభవములన్నిటినుండి క్రీడాసంఘ నిర్వాహకులు నేర్చుకొనదగిన విషయములు నాలుగు తోచుచున్నవి.

ఒకటి, రుసుము వయస్సుతోపాటు మెట్లు మెట్లుగా పెరుగవలెను. పదునెనిమిదవయేట నిన్నటి బాలుడు నేడు పూర్తి వెల చెల్లింపవలెనన్న ఆ ఎత్తునకు ఎక్కలేక జారిపోవును. చదువు ముగించి, పని వెదకుకొను ఆ నాలుగైదేండ్లే అభిమానము నిలుచునో తెగునో తేలు కాలము. ఇరువదిరెండు, ఇరువదిమూడేండ్లవరకు నడిమి వెల ఉంచుట అవసరము.

రెండు, బాలునితోపాటు పెద్దవానిని కూడ తలపవలెను. పదేండ్ల బిడ్డ ఒంటరిగా రాడు. బిడ్డకు చౌకచేసి తండ్రికి రెండింతలు వేసిన ఇద్దరును ఇంటనే ఉందురు.

మూడు, చౌకటిక్కెట్టువారిని ఆట కానరాని మూలకు నెట్టరాదు. దయతో ఇచ్చినట్లు కాక, హక్కుతో వచ్చినట్లు వారికి తోచవలెను. బ్రాడ్‌ఫర్డు మైదానమున్న మానింగ్‌హామ్ పేటలో భారత, పాకిస్తానములనుండి వలసవచ్చిన కుటుంబములవారు పెక్కురున్నారు. అట్టి ఇండ్ల పిల్లలు గోడకీవల నిలిచి లోపలి కేకలు వినుటకును, లోపల కూర్చుండి తామును కేకలు వేయుటకును నడుమ ఉన్నది ధర ఒక్కటే కాదు, కొత్తచోటను జంకు కూడ. ధర తగ్గించుట తలుపు తెఱచుట. లోపలికి రమ్మని పిలుచుట మరియొక పని. రెండును చేయవలెను.

నాలుగు, ఓపిక పట్టవలెను. మొదటి సంవత్సరపు లెక్క చూచి ఏర్పాటును రద్దుచేయుట, మామిడి టెంక పాతి మరుసటి వేసవికే కాయలేవని మొక్కను పెరికివేయుటవంటిది. బ్రాడ్‌ఫర్డునకు ఆరేండ్లు పట్టెను. ఆ ఆరేండ్లు నిర్వాహకులు పెరికివేసియుండిన వెంబ్లీలో జెండాలూపు చేతులు ఎచ్చటివి?

ఈ మాటలు గ్రంథాలయ సభలో అప్రస్తుతములు కావు. తెలుగుదేశపు గ్రంథాలయోద్యమము ఈ సూత్రమును ఏనాడో ఆచరించినది. పాఠకుడు గ్రంథాలయమునకు రాలేనిచోట గ్రంథాలయమే పాఠకునికడకు పోవలెనని 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణాకాలువపై పడవలో పుస్తకములు నింపి ఊరూరికి పంపిరి. ఒడ్డున నిలిచిన పాలేరు కుర్రవాడును పుస్తకము పుచ్చుకొనగలిగెను. నాటి పెద్దలు ప్రతి పుస్తకమునకు వచ్చు కానులు లెక్కించుకొని కూర్చుండిన ఆ పడవ రేవు దాటెడిది కాదు.

రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయమున బాలసభ్యుల చందా ఎంత ఉండవలెనో నిర్ణయించునది కార్యవర్గమువారు. ఊరి యువకులు వచ్చు సంక్రాంతికి చెడుగుడు పందెములు జరిపి టిక్కెట్టు పెట్టదలచిన దాని వెల నిర్ణయించుకొనునది వారు. ఎవరికివారు తమ లెక్క చూచుకొందురు గాక. లెక్క వ్రాయునపుడు మాత్రము, నేడు వచ్చినవారి పేర్లకు ప్రక్కన మరియొక వరుస ఖాళీగా విడిచిపెట్టుట మంచిది. వెల చూచి గుమ్మమువద్దనే వెనుదిరిగిన పిల్లల పేర్లు ఆ వరుసలోనివి. స్వర్ణోత్సవమునాడు ఈ సభలో కూర్చుండవలసినవారు వారే.